లియొకాడియో టోపీ

రియో శివార్లలోని బట్టల మిల్లులో నేతగాడు లియొకాడియో, ఆదివారాలు మిల్లు ఫుట్‌బాల్ జట్టులో గోల్ కొట్టే మొనగాడు. తలతో కొట్టేటప్పుడు తోలుబంతి కుట్లు నుదురు చీరకుండా ఉన్ని టోపీ పెట్టుకుని ఆడేవాడు. మహా మర్యాదస్తుడు. ఎంత పరుగులో ఉన్నా ఆడవాళ్లు కనిపిస్తే టోపీ ఎత్తాల్సిందే, అందులోనూ తను మనసుపడ్డ జురెమా తల్లి దోనా ఒలింపియాకి. మూడేళ్లుగా పిల్లనిమ్మని అడుగుతున్నాడు. "బంతి వెనకాల తిరిగేవాడికా? ఇవ్వను ఫో!" అనేది ఆవిడ. అయినా ఒక్క ఆటా వదలదు. కంచె దగ్గర నిలబడి చేతిరుమాలు మెలితిప్పుతూనే ఉంటుంది.

ఆవేళ ఊళ్లో దొరబాబుల జట్టుతో ఆట. చెరో రెండు గోల్స్, ఆఖరి నిమిషం. బంతితో దూసుకొచ్చిన లియొకాడియోకి కంచె దగ్గర ఆవిడ కనబడింది. చెయ్యి దానంతటదే టోపీ ఎత్తింది.

"ఒరేయ్, బంతిని చూడరా, అత్తగార్ని కాదు!" అని జట్టంతా అరిచింది.

కాలు మాత్రం తన పని తాను చేసింది. గాలికి టోపీ ఎడమవైపు ఎగిరింది. గోల్‌కీపర్ అదే బంతనుకుని అమాంతం గాల్లోకి లేచి, దాన్ని పట్టి గుండెకి హత్తుకున్నాడు. బంతి కుడివైపు నుంచి తీరిగ్గా దొర్లుకుంటూ లోపలికి పోయింది. మైదానం మైదానమంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

గోల్‌కీపర్ ఉక్రోషంతో టోపీ ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. కంచె దగ్గరికొచ్చిన లియొకాడియోకి ఎత్తడానికి టోపీ లేక, చెయ్యి ఉత్త నెత్తిమీదే ఉండిపోయింది. దోనా ఒలింపియా రుమాలు మెలికలు విప్పి ఆ నెత్తిన కప్పింది.

"ఎండ మాడ్చేస్తోంది, అల్లుడూ."