ముల్లు చెప్పని వేడి

ఆ లారీల షెడ్డు మేస్త్రికి డ్రైవర్లు పెట్టిన పేరు "ఆగు మేస్త్రి". ఎవరు ఎంత కంగారుపెట్టినా ఆయన నోట ముందు వచ్చేది ఆ మాటే మరి. వేడి రేడియేటరు మూత జోలికి పోతే ఆగు, ఇంజను మీద టీ గ్లాసు పెట్టబోతే ఆగు. ఇంట్లో పిల్లి పాలగిన్నె వైపు చూసినా ఆగు అంటాడని భార్య ఆటపట్టిస్తుంది. ముప్పై ఏళ్ళలో ఆయన బాగుచేసిన ఏ బండీ అదే రోగంతో వెనక్కి రాలేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకోడు గానీ, ఎవరైనా అంటే చెవులు రిక్కించి వింటాడు.

అలాంటిది, ఓ ఉదయం నీలం లారీ ఇంకో బండి వెనకాల తాడుతో ఈడ్పించుకుంటూ వచ్చింది. వెంట యజమాని, ఆయన వెనక ముఖం వేలాడేసుకుని డ్రైవరు. నిన్న ఎత్తు ఎక్కుతుంటే ఆవిరి కక్కి ఆగిపోయిందట.

"ఇంజను హెడ్డు విప్పి చూడు మేస్త్రీ, వేడికి వంకరపోయుంటుంది," అన్నాడు యజమాని. "మీటర్లో వేడి ముల్లు ఎర్రగీత దాటినా వీడు చూసుకోలేదు. స్టీరింగు మీదే కునుకు తీసుంటాడు. ఇవాళ్టితో మాన్పించేస్తున్నా."

"ముల్లు సగం కూడా లేవలేదు మేస్త్రీ, ఒట్టు! ఇంట్లో మా ఆవిడ కూడా నమ్మట్లేదు," అన్నాడు డ్రైవరు.

"ఆగండి," అన్నాడు మేస్త్రి, ఇద్దరికీ కలిపి.

బండి ముక్కు మిట్టకు ఉండేలా గేటు దగ్గరి వాలు మీద నిలబెట్టించాడు. ఇంజను నీళ్ళలో గాలి చిక్కితే అది పైకే పోతుంది కదా, దానికి దారి చూపించాలి. హీటరు గొట్టాల్లోకీ నీళ్ళు పారేలా క్యాబిన్లో దాని మీట పూర్తిగా తిప్పాడు. ఇంజను పైభాగాన ఉన్న చిన్న బోల్టు వదులు చేసి, రేడియేటరులో నీళ్ళు సన్నగా పోయసాగాడు. బోల్టు దగ్గర బుస్సుమంది. తర్వాత బుడగలు, మళ్ళీ బుస్సు. చాలాసేపటికి గానీ బుడగ లేని ధార రాలేదు. బిగించి ఇంజను వేస్తే, ముల్లు బుద్ధిగా లేచి తన చోట నిలబడింది. హెడ్డుకి ఏమీ కాలేదు.

మేస్త్రి చేతిలో స్పానరు అలాగే ఉండిపోయింది. వేడిని పసిగట్టే ముక్క నీళ్ళలో మునిగి ఉంటేనే ముల్లుకి సరిగ్గా చెబుతుంది. అది గాలిలో చిక్కుకుంది, ఇంజను ఉడికిపోతున్నా ముల్లు లేవలేదు. డ్రైవరు అబద్ధమాడలేదు.

పోయిన వారం ఈ బండికి నీళ్ళ గొట్టం మార్చింది తనే. షెడ్డులో చోటులేక ముక్కు పల్లానికి పెట్టి నీళ్ళు పోశాడు. సరిగ్గా అప్పుడే కూతురు ప్రసవించిందని ఫోను వచ్చింది. గాలి తీయకుండానే మూత బిగించి ఆస్పత్రికి పరుగెత్తాడు. మనవరాలి సంబరంలో ఆ మాటే మరిచిపోయాడు.

ఇప్పుడు నోరు మూసుకుని హెడ్డు విప్పి మళ్ళీ బిగించినా అడిగే నాథుడు లేడు. ముప్పై ఏళ్ళ పేరు ఎక్కడికీ పోదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకు సిగ్గేసింది.

"అయ్యా, తప్పు నాది," అన్నాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

యజమాని క్యాబిన్లోంచి తాళంచెవి పీకాడు. "ఇక ఎవర్ని నమ్మాలి మేస్త్రీ?" అని మాత్రం అని, తాళంచెవి డ్రైవరు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తన మిగతా బండ్లు ఇక ఈ షెడ్డుకి పంపుతాడో లేదో చెప్పలేదు.

డ్రైవరు దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. ఫోను తీసి ఇంటికి కలిపి, మేస్త్రి చేతికిచ్చాడు. "నువ్వే చెప్పు. నేను చెబితే నమ్మదు."

యజమాని ముందు తడబడని మేస్త్రి ఇక్కడ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాడు. ఆ ఇల్లాలి ముఖం కూడా ఆయన ఎరగడు.

"అమ్మా, బండి నీళ్ళలో గాలి ఉండిపోయింది నా వల్లేనమ్మా, అందుకే ముల్లు లేవలేదు. మీవారి తప్పేం లేదు."

"అయితే ఆయన నిద్రపోలేదా?"

"లేదమ్మా. దారంతా చూసుకుంటూనే ఉన్నాడు."

అవతల ఆమె ఏడుపు వినిపించింది. మేస్త్రి ఫోను డ్రైవరు చెవికి ఆనించి, తాను అటు తిరిగి నిలబడ్డాడు.