తాత పిస్తోలు, అన్న బొటనవేలు

నారాయణఖేడ్‌లో మా ఇంట్లో ఒక గాలి పిస్తోలు ఉండేది. తాత క్రైస్తవ మిషన్ బంగళాలో వంట చేసిన రోజుల్లో, ఒక దొర ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిపోయాడట. మందూ మంటా ఉండని వస్తువు. గొట్టాన్ని కిందికి వంచితే లోపల పెద్ద స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్‌కు ఉన్న చిన్న కొక్కెం దాన్ని ఆపి పట్టుకుంటుంది. గొట్టం వెనక రంధ్రంలో పెసరగింజంత సీసపు గుండు పెట్టి, మూసి, ట్రిగ్గర్ నొక్కితే గాలి ఆ గుండును తోస్తుంది. అమ్మకు కావలసింది డాబా మీద ఎండబోసిన కందుల దగ్గరికి కోతి రాకపోవడం. అంతవరకు అది పనికొచ్చేది.

అన్న దర్జీ. రెండువేల ఏడో ఎనిమిదో, ఆ ఏడు జూన్‌లో బడులు తెరవబోయే రోజుల్లో ముందు గదంతా యూనిఫాం బట్టలే. అన్న కుడితే వదిన కాజాలు, గుండీలు చూసేది. ఇల్లు వాళ్ల చేతుల మీద నడిచేది. నేను పేపరుకు వార్తలు పంపేవాణ్ని. దాంతో ఇల్లు నడవదని అందరికీ తెలుసు.

ఆ పొద్దున కోతులొచ్చాయని అమ్మ మీది నుంచి కేక వేసింది. అన్న కుట్టుమిషన్ ఆపి, పెట్టెలోంచి పిస్తోలు తీసి, గొట్టం వంచి, ఎడమచేతి బొటనవేలితో గుండును రంధ్రంలోకి తోశాడు. అక్కడే ఆగిపోయాడు.

"తమ్మీ, జెర ఇటు రా. ఉరకకు. మెల్లగ రా."

"ఏమైందే?"

"కొక్కెం సగమే పట్టింది. జారుతున్నది. వేలు సందుల ఉన్నది."

"గుంజుకో మరి."

"వేలితో అదిమి పట్టిన, తీస్తే పట్టు వదుల్తది. గొట్టం మూసుకుంటది."

చెరకు గానుగలో, నూర్పిడి మిషన్‌లో వేళ్లు పోయినవాళ్ల గురించి నేను చాలా వార్తలు పంపాను. ఒక్కొక్కరికి నాలుగు లైన్లు. చివరి లైను ఎప్పుడూ ఒకటే: దవాఖానకు తరలించారు. ఆ తర్వాతి సంగతి పేపర్లో ఉండదు. అన్న బొటనవేలు చూస్తుంటే ఆ నాలుగు లైన్లూ వాటంతటవే నా తలలో కూర్చుకుంటున్నాయి. వాటిని ఆపలేకపోయాను.

వదిన లోపలి నుంచి వచ్చింది. "ఏందయ్యా, అన్నదమ్ములిద్దరు బొమ్మల లెక్క నిలవడ్డరు?" అని, వేలు చూసి, "యేసయ్యా" అంది.

నేను గొట్టం కొసను రెండు చేతులతో పట్టుకుని కిందికి అదిమాను. అరచేతులు చెమటతో జారుతున్నాయి. ఒక చెయ్యి తీసి లుంగీకి తుడుచుకునే ధైర్యం లేదు. అన్న వేలు వెనక్కి తీశాడు. ఇంక ట్రిగ్గర్ నొక్కి స్ప్రింగును మెల్లగా వదలాలి. అతను నొక్కగానే గొట్టం ఎద్దు పలుపు గుంజినట్టు పైకి లేచింది. వదలకుండా దాంతోపాటే నా చేతులనూ పైకి పోనిచ్చాను. మూసుకుంది. అన్న బొటనవేలును ముడిచి, చాచి చూసుకున్నాడు.

"పారేయుండ్రి గా పీడను" అంది వదిన.

"పారేస్తే కోతులకు నువ్వు కావలుంటవా?" అని మీది నుంచి అమ్మ.

అన్న తల అడ్డంగా ఊపాడు. "నేను కుట్టుల ఉంటే అమ్మనే తీస్తది. వద్దన్నా తీస్తది. దీన్ని ఇట్లనే పెట్టెల పెట్టొద్దు."

విప్పడం ఇంకో భయం. భాగాలను పట్టి ఉంచే సీల తీస్తే లోపలి స్ప్రింగు ఎటు ఎగురుతుందో తెలియదు. వదిన గుడ్డపీలికల గోనెసంచి తెచ్చింది. పిస్తోలును సంచిలో దూర్చి, మూతి బిగించి పట్టుకుని, బయటి నుంచే తడుముతూ అన్న సీలను మేకుతో తోశాడు. లోపల ధబ్‌మంది. సంచి కుక్కపిల్లలా ఎగిరింది. ముగ్గురం వెనక్కి పడ్డాం.

కొక్కెం నిండా ఎండిపోయిన పాత నూనె. దాన్ని వెనక నుంచి తోసే చిన్న స్ప్రింగు చచ్చిపోయి ఉంది. అన్న తన పాత మిషన్‌లోని స్ప్రింగు ఒకటి కత్తిరించి పెట్టాడు. కొక్కేన్ని కడిగి, సన్నటి గరుకు కాగితంతో చాలాసేపు రుద్ది అద్దంలా చేశాడు. "చూడు, గోరు గూడ తట్టదు" అని నాకిచ్చాడు. నాకూ బాగుందనిపించింది.

మళ్లీ బిగించాక వేలు పెట్టడానికి ఎవరమూ ముందుకు రాలేదు. పొయ్యి దగ్గర నుంచి వేలంత లావు కంది కట్టె తెచ్చాను. గొట్టం వంచి, సందులో కట్టె పెట్టి, చేతులు తీశాను. నిలిచింది. ఊపిరి వదిలేలోపు ఠక్‌మంది. కట్టె నలిగి తెగి, ఒక ముక్క వదిన కాళ్ల దగ్గర పడింది. ఆమె దాన్ని తీసి అన్న బొటనవేలి పక్కన పెట్టింది. పొడవూ లావూ సరిపోయాయి.

అన్న పిస్తోలును చేతిలోకి తీసుకున్నాడు. "దారం తెగొద్దని మిషన్ల ప్రతి అంచు నున్నగ చేస్త గద. చెయ్యి అలవాటుల ఈ కొక్కేన్ని గూడ గట్లనే చేసిన. ఇది జారొద్దు, పట్టుకోవాలె."

మళ్లీ సంచి, మళ్లీ ధబ్. ఈసారి కత్తెర నూరే రాయి మీద కొక్కెం అంచును నిలువుగా, పదునుగా నూరాడు. కంది కట్టె పెట్టాం. నిలిచింది. ఊపాం, నేలకు తట్టాం, తలుపుకు కొట్టాం. నిలిచే ఉంది. ఒక్కొక్క దెబ్బకు వదిన కళ్లు మూసుకునేది.

"అయిందా? పిట్టగోడ మీదికొచ్చినయ్. గుండు పెట్టి ఇయ్యి" అంటూ అమ్మ దిగివచ్చింది.

అన్న గుండును రెండు వేళ్లతో పట్టుకుని రంధ్రం దాకా తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగింది. మళ్లీ తెచ్చాడు, మళ్లీ ఆగింది. గుండును డబ్బాలో వేశాడు. నేను గొట్టం పట్టుకుంటే స్ప్రింగు వదిలి, పిస్తోలు మూసి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"మూలకున్న కర్ర పట్కపోవే అమ్మా."

"మంచిగైందంటివి గదరా. మొగోనివి, గింత దానికి భయమా?"

"దర్జీని గదనే. గందుకే భయం."

అమ్మ గొణుక్కుంటూ కర్ర తీసుకుని మెట్లెక్కింది. అన్న మిషన్ ముందు కూర్చున్నాడు. దారం కొస తడిచేసి సూది దగ్గరికి తెచ్చాడు. పక్కకు పోయింది. ఇంకోసారి తెచ్చాడు. వదిన అతని చేతిలోంచి దారం తీసుకుని, సూదిలో ఎక్కించి, "ఇగ తొక్కు" అంది.

మొదటి చొక్కా కుట్టు వంకరగా వచ్చింది. విప్పి మళ్లీ కుట్టాడు. మిషన్ చప్పుడు ఎప్పటిలా సాఫీగా వినిపించేదాకా నేను గడప దగ్గరే కూర్చున్నాను.