నేను ఆపిన మాత్రలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. కన్నబిడ్డలతో కూడా చెప్పలేని మాట ఒకటి ఇన్నేళ్లూ గొంతులో ముల్లులా పెట్టుకుని బతికాను. అన్నం దాని మీదుగానే దిగింది. నవ్వూ దాని మీదుగానే వచ్చింది.

మాది పులివెందుల పక్క పల్లె. మా అమ్మ తమ్ముణ్ణే చేసుకుని ప్రొద్దుటూరు వచ్చాను. మామ పత్తి మిల్లులో మెకానిక్కు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన కొత్త రోజులవి. పెళ్లయిన మొదటి వేసవిలో ఆయన నాకు సైకిలు నేర్పించాడు. వీధంతా తలుపుల్లో నిలబడి నవ్వుతున్నా లెక్కచేయకుండా సీటు పట్టుకుని వెనక పరుగెత్తాడు. అన్నం ముందు కూర్చుని కూడా ఏవో కొత్త యంత్రాల సంగతే చెప్పేవాడు. అలాంటి మగవాణ్ణి నేను ఎక్కడా చూడలేదు. అది జబ్బని నాకెలా తెలుస్తుంది?

వానలు మొదలయ్యేసరికి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి లేదు, స్నానం లేదు, మాట లేదు. దయ్యమన్నారు. దర్గాకు తీసుకుపోయాం, తాయెత్తు కట్టించాం. చివరికి మద్రాసు. అక్కడి డాక్టరు, తెలుగాయన, నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఈ దిగులూ, అంతకుముందటి ఆ హుషారూ ఒకే జబ్బుకు రెండు కొసలట. "బాగున్నాడని మాత్రలు ఆపొద్దమ్మా. మరీ హుషారుగా కనిపిస్తే అప్పుడే భయపడాలి" అన్నాడు. తలూపాను. విన్నాను, అర్థమైంది కూడా. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మాత్రలతో ఆయన లేచాడు, మిల్లుకు పోయాడు. కానీ ముఖం బిగుసుకుపోయింది. చేతులు వణికేవి. పిలిస్తే పలకడానికి ఎంతోసేపు పట్టేది. నేనేమో నా సైకిలు వెనక పరుగెత్తినవాడి కోసం ఎదురుచూస్తున్నాను. ఒకరోజు మాత్ర ఆయన చేతిలో పెట్టకుండా పొయ్యిలో వేశాను. ఆయన అడగలేదు. మరునాడూ అంతే.

ఆయన తిరిగొచ్చాడు. పాడాడు, ఇంటికి సున్నం కొట్టాడు, నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఆ కొన్ని వారాలు నేనెంత సంతోషపడ్డానో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. తర్వాత నిద్ర మానేశాడు. మాటకు మాట పొంతన లేదు. అప్పుడైనా మాత్ర ఇవ్వాల్సింది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకున్నాను. ఒక మధ్యాహ్నం, దీన్ని ఇంకా వేగంగా తిప్పి చూపిస్తానంటూ నడుస్తున్న యంత్రంలో చెయ్యి పెట్టాడు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో కుడిచేతి వేళ్లు తీసేశారు. అక్కణ్ణుంచి మళ్లీ మద్రాసు. తలకు కరెంటు పెట్టారు. మనిషి నిమ్మళించాక, మంచం మీద కూర్చుని నన్ను అడిగాడు.

"మే, నాకు మాత్రలు ఇస్తాంటివి కదా?"

"ఇస్తాంటి మామా. నువ్వే మింగకుండా బయటికి పోయి నోట్లోంచి ఊంచేస్తాంటివి."

కట్టు కట్టిన చేతివైపు చూసుకున్నాడు.

"నాకు గ్యాపకమే లేదే. నా బుద్ధిని నేనే నమ్మేదానికి లేకపాయ. నిన్ను శానా కష్టపెట్టినా మే."

క్షమించమన్నట్టు చూసింది ఆయనే.

ఆనాటి నుంచి మాత్ర మింగిన ప్రతిసారీ నా ముందుకొచ్చి నోరు తెరిచేవాడు. నాలుక ఎత్తి చూపేవాడు. పిల్లలు పుట్టాక వాళ్ల ఎదుట కూడా. తలుపు తాళం వేశాడో లేదో నన్నే అడిగేవాడు. చాలా ఏళ్లకు, రక్తపరీక్ష చేస్తూ ఇచ్చే వేరే మందు వచ్చింది. దానితో స్థిమితపడ్డాడు. మిల్లు గేటు దగ్గర కాపలా పని చేసుకున్నాడు. నోరు తెరవడం మాత్రం మానలేదు. చాలు మామా అని ఒక్కసారైనా ఎందుకు అనలేకపోయాను? అలా అంటే ఎందుకని అడుగుతాడనా?

ఆయన పోయి చాలా కాలమైంది. చివరి రోజుల్లో చెప్పే వీలుండింది. చెప్పలేదు. ప్రేమకొద్దీ చేశానని అప్పుడప్పుడు నాకు నేనే సర్దిచెప్పుకుంటాను. మాత్ర ఆపించింది ప్రేమే కావచ్చు. మరి ఆ అబద్ధం?

మీరు నన్ను ఏమనుకున్నా సరే. ఒక్కసారి రాసి పెడుతున్నాను. మామ ఏనాడూ మాత్ర ఊంచలేదు. నేనే ఇవ్వలేదు.