ఎక్కడైనా నడిచే నా బిల్డ్ టూల్

సి భాషలో రాసిన కోడును ఏ ఆపరేటింగ్ సిస్టంలోనైనా బిల్డ్ చేసి, నడిచే ప్రోగ్రాంగా మార్చే టూల్ ఒకటి నేనే రాశాను. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పరీక్షించాను. మూడూ తిరుపతిలో మా ఇంట్లో, నా బల్ల మీద, నేను పేరు పెట్టిన ఫోల్డర్లలోనే. అంత కఠినమైన పరీక్ష! ఆ తర్వాత టూల్ పేజీలో "ఎక్కడైనా నడుస్తుంది" అని రాసి, ఆ వాక్యం చదువుకుని మురిసిపోయేవాణ్ణి.

మామిడి సీజన్లో చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు పిలిచారు. వేబ్రిడ్జి మీదికి ట్రాక్టరు ఎక్కితే బరువు చదివి చీటీ ఇచ్చే ప్రోగ్రాం మార్చాలి. చీటీ లేకుంటే కాయ లోపలికి పోదు. అక్కడి కంప్యూటర్ ముసలిది; ఇంటి దగ్గర బిల్డ్ చేసిన ప్రోగ్రాం అందులో నడవలేదు. పోనీ, నా టూల్ ఎక్కడైనా నడుస్తుందని అక్కడివాళ్లకు చెప్పి, ఇక్కడే బిల్డ్ చేద్దామనుకున్నాను. అప్పటికే పాత ప్రోగ్రాం పీకి పారేశాను. కాపీ ఉంచుకోవడం పిరికివాళ్ల పని కదా!

టూల్ నడిపితే "శ్రీ" కనబడలేదంది. మళ్లీ నడిపితే "వేంకటేశ" కూడా కనబడలేదంది. తిరుపతి నుంచి వచ్చినవాడికి ఎంత మంచి కబురు! సంగతేమిటంటే, వేబ్రిడ్జి చూసుకునే పెద్దాయన తన పనంతా ఇంగ్లీషు అక్షరాల్లో "శ్రీ వేంకటేశ" అని పేరు పెట్టిన ఫోల్డర్లో ఉంచాడు. మా వైపు ఏ కాగితం రాసినా పైన ముందు స్వామి పేరు పడాలి. ఆయన కంప్యూటర్‌కీ అదే మర్యాద చేశాడు. ఆయనకు ఫైళ్లు పెట్టుకునే అనుమతి ఉన్నదీ ఆ ఒక్క ఫోల్డర్లోనే. నా ఘనమైన టూల్ రెండు మాటల మధ్య ఖాళీ చూసి, పేరును రెండు ముక్కలు చేసి వెతుకుతోంది.

"పెద్దాయనా, ఫోల్డర్ పేరు మార్చేస్తే పనైపోతుంది" అన్నాను.

"ఎందుకు మార్చల్ల? సీజన్ చీటీలన్నీ దాంట్లోనే ఉండాయి. యాడైనా నడుస్తాదంటివే అప్పా, మరి ఈడ నడవదా?"

నాకు ఒళ్లు మండింది. నా మీద నాకే మండిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, మండింది ఆయన మీదే.

ఖాళీలున్న పేరు ఒక్కటేనని తెలియాలంటే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లినక్స్‌కు నచ్చే తీరు ఇక్కడి విండోస్‌కు నచ్చదు. ఒకచోట సరిచేస్తే నాలుగుచోట్ల విరిగింది. బయట ఎండలో ట్రాక్టర్లు బారు కట్టాయి. మొదటి ట్రాక్టరులో తన తోట కాయ తెచ్చిన ఒకామె రెండుసార్లు కిటికీ దగ్గరికి వచ్చింది.

"అయిందాప్పా? అడుగున కాయ మెత్తబడతా ఉండాది."

"పది నిమిషాలక్కా" అన్నాను, పది నిమిషాలంటే ఎంతసేపో తెలిసినవాడిలా.

మధ్యాహ్నం రెండింటికి బిల్డ్ అయింది. మొదటి చీటీ ఆమెదే. పెద్దాయన దాన్ని చించి ఇస్తూ, "నడిచింది సూడు" అన్నాడు. నేను కాలరెగరేసుకుని బయటికి వచ్చాను.

గేటు దగ్గర కాయ చూసేవాళ్లు అడుగున మెత్తబడినదంతా వద్దని పక్కన పోయించారు. ఆమె ఆ కుప్ప ముందు కూర్చుని ఏరుకుంటోంది. నన్ను చూసి ఒక కాయ చీరకొంగుతో తుడిచి చేతికిచ్చింది.

"తినప్పా. పొద్దన్నుంచీ ఏమీ తిన్లేదు గదా నువ్వు."

అక్కడే నిలబడి తిన్నాను. చాలా తియ్యగా ఉంది.