పడమటి మొగం జీపు

మా జీపు వాకిట్లో ఎప్పుడూ తూర్పు మొగంగానే నిలబడేది. మా నాయన కాలంలో ఎద్దులబండి కాడి తూర్పుకే ఉండాలని ఇంట్లో పట్టింపు. ఎద్దులు పోయాయి, బండి పోయింది, నాయనా పోయాడు. పట్టింపు మాత్రం జీపుకు అంటుకుంది. పండగనాడు కూడా దేవుడికి దండం పెట్టడానికి బద్ధకించే నేను ఈ ఒక్క విషయంలో మహా నిష్ఠాపరుణ్ణి. గేటు తూర్పున ఉండడం వల్ల రోజూ సాయంత్రం జీపును వెనక్కి నడిపించుకుంటూ, మెడ తిప్పి తిప్పి చూసుకుంటూ, దక్షిణపు గోడ పక్కన నిలిపేవాణ్ణి. ఆ పట్టింపు నా చేత ఏం చేయించిందో చెప్పాలంటే ముందు మా అక్క సంగతి చెప్పాలి.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్దది. అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. అప్పటినుంచి నాకు అన్నం కలిపి పెట్టింది, వీపు మీద రెండు తగిలించి బడికి పంపింది ఆమే. చిన్నప్పుడే జ్వరం వచ్చి ఆమె ఎడమకాలు సన్నబడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి, ఆ కాలును తోసుకుంటూ నడిచేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. బాగేపల్లి నుంచి గుడిబండెకు పోయే దారిలో మా ఊరు. కాస్త మల్బరీ తోట, ఒక పట్టుపురుగుల షెడ్డు, దూడతో ఒక పాడి ఆవు ఉండేవి. తోట నాది, షెడ్డు ఆమెది. ఇంట్లో మేమిద్దరమే.

ఆమెకు ఎవరి సాయమూ పనికిరాదు. బస్సు ఎక్కేటప్పుడు ఎవరైనా చెయ్యి అందిస్తే, చేతి వైపు కాకుండా ఆ మనిషి మొహం వైపు చూసేది. ఆ చూపుకే చెయ్యి వెనక్కి పోయేది.

జీపు ఎక్కడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. ముందు అద్దం చట్రాన్ని గట్టిగా పట్టుకుని, కుడికాలు లోపల పెట్టి, ఒక్క ఊపుతో పైకి లేచి సీట్లో కూర్చునేది. తర్వాత ఎడమకాలును రెండు చేతులతో ఎత్తి లోపలికి తెచ్చుకునేది. పమిట సర్దుకుని, 'ఊఁ, పోనీ' అనేది. పట్టుగూళ్లు దింపిన రోజున తెల్లవారేసరికి మేము చింతామణి మార్కెట్టులో ఉండాలి. వెనక గూళ్ల సంచులు, ముందు ఎడమ సీట్లో అక్క. దారి పొడుగునా ఎవరి తోటలో ఆకు ముదిరిందో, ఎవరు కొత్తగా బోరు వేయించారో చూసి చెప్పేది. వేలంలో మా గూళ్లను ఎవడైనా చులకన చేస్తే వాడికి ఆ రోజు అక్షింతలే. తిరిగి వచ్చేటప్పుడు హోటల్లో ఇడ్లీ తినేవాళ్లం. షెడ్డులో నెలంతా వంగి పని చేసే మనిషి ఆ ఒక్క ఉదయం నిటారుగా కూర్చునేది.

ఆ రోజుల్లోనే బెంగళూరు నుంచి కొందరు ఆదివారాలు మా వైపు బండల మీద జీపులు ఎక్కించడానికి వచ్చేవాళ్లు. ఎత్తుగా లేపిన జీపులు, ట్రాక్టరు టైర్లలాంటి టైర్లు. దారి చూపిస్తానని నేనూ నా పాత మిలిటరీ జీపేసుకుని వాళ్ల ముందు పోయేవాణ్ణి. ఒకసారి ఒక గుండు మీద నా జీపు కడుపు ఆనుకుని, చక్రాలు గాలిలో తిరుగుతూ నిలబడిపోయింది. వాళ్లు తాడేసి లాగారు. నవ్వారు కూడా. మంచివాళ్లే, పగలబడి ఏమీ నవ్వలేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. బండిని ఎత్తు లేపే లిఫ్ట్ కిట్ వేయించి పెద్ద టైర్లు ఎక్కిస్తే నీ బండి మా బండ్లను మించిపోతుందని వాళ్లలో ఒకాయన అన్నాడు. ఆ మాట నా బుర్రలో కూర్చుంది. మరి లేవలేదు.

చింతామణిలో ఒక మెకానిక్ ఆ పని చేస్తానన్నాడు. మూడు రోజులు పట్టింది. జీపును స్టాండ్ల మీద నిలబెట్టి, కింద పాత స్ప్రింగు పట్టీలన్నీ ఊడదీశాడు. బాగా వంపు తిరిగిన కొత్త పట్టీలు బిగించాడు. పొడుగైన షాక్ అబ్జార్బర్లు వేశాడు, బ్రేకు పైపులు చాలకపోతే వేరేవి పెట్టాడు. పెద్ద టైర్లు రాసుకోకుండా మడ్‌గార్డుల అంచులు కోశాడు. నేను ఆ మూడు రోజులూ అక్కడే ఒక డబ్బా మీద కూర్చుని, పెళ్లికూతురి ముస్తాబు చూసినట్టు చూశాను. అన్నీ అయ్యాక జీపు జానెడు మీద నాలుగు వేళ్లు లేచింది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఒక మాట అడిగాడు. 'ఇంట్లో ఆడోళ్లు ఎక్కుతారా అప్పా? కాలు పెట్టేదానికి పక్కన ఒక మెట్టు వెల్డింగు చేస్తా.'

వద్దన్నాను. మెట్టు ఉంటే బండలకు తగులుతుందన్నాను. నిజం చెప్పాలంటే, అందం చెడుతుందనుకున్నాను. అక్క గురించి ఆ క్షణంలో నాకు తట్టనే లేదు. పదకొండేళ్లు పెద్దదై నన్ను పెంచిన మనిషి, ఆ సీట్లో తప్ప ఇంకెక్కడా కూర్చోని మనిషి, నాకు తట్టలేదు.

మూడో రోజు అక్క బస్సులో వచ్చింది. సంచిలో నాలుగు నిమ్మకాయలు, మూర పూలు, కుంకుమ. జీపును చూసి మొహమంతా నవ్వైంది. 'ఏనుగు మాదిరి ఉండాది రా' అంది. ముందు పూలు కట్టింది, బొట్టు పెట్టింది, తానే వంగి నాలుగు టైర్ల కిందా నిమ్మకాయలు పెట్టింది. నేను ముందుకు కదిలించి తొక్కించాను. తర్వాత ఆమె తన వైపుకు వచ్చింది. చట్రం పట్టుకుని కుడికాలు ఎత్తింది. కాలు అందలేదు. ఇంకోసారి ఎత్తింది. ఆ ఊపులో ఎడమకాలు తేలి, చట్రం పట్టుకుని వేలాడినట్టయింది. గ్యారేజీలో పనివాళ్లు, పక్క అంగట్లో టీ తాగేవాళ్లు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. దిగి వెళ్లి, ఒక్క మాట అడగకుండా, వెనకనుంచి నడుం పట్టుకుని ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టేశాను.

దారిలో ఎవరి తోట గురించీ ఆమె మాట్లాడలేదు. ఇంటికొచ్చాక, నేను అటు తిరిగి వచ్చేలోపే, చీర చిరిగినా సరే అని జారి దిగింది. ఆ తర్వాత ఆ జీపు ఎక్కలేదు.

గూళ్ల రోజున సంచులు మాత్రం నా జీపులో ఎక్కించి, తాను మొదటి బస్సుకు పోయి నిలబడేది. గూళ్లు జీపులో, ఆమె బస్సులో. ఎడమ సీటు ఖాళీగా పెట్టుకుని ఆ బస్సును దాటి పోవాలంటే నాకు ఒళ్లు మండేది. మొండిదని తిట్టుకునేవాణ్ణి. పాత స్ప్రింగు పట్టీలు షెడ్డులో మంచం కింద భద్రంగానే ఉన్నాయి. ఈ వానలు పోయాక మళ్లీ బిగిస్తా, వచ్చే ఆదివారం బండల మీద తిరిగి వచ్చాక బిగిస్తా అనుకుంటూ రెండేళ్లు నెట్టేశాను.

ఆ రెండేళ్లలో వాకిట్లో రెండు మూడు చిన్న సంగతులు జరిగాయి. మొదటి నెలలోనే ఒక మధ్యాహ్నం నేను తోటనుంచి వచ్చేసరికి అక్క జీపు పక్కన పూలదారం పట్టుకుని వంగి ఉంది. నీ ఏనుగుకు దిష్టిదారం కడుతున్నావా అని ఎగతాళి చేశాను. దారం చుట్టుకుని లోపలికి పోయింది. కొన్నాళ్లకు దక్షిణపు గోడ కింద ఒక రాతిబండ వచ్చింది. నున్నగా చెక్కిన, మోకాలి ఎత్తుకు తక్కువైన బండ. పాలక్యాన్లు పెట్టడానికి తెప్పించిందనుకున్నాను. ఆ బండకు పైన గోడలో, వెనకటి ఎద్దులను కట్టే ఇనుప కడియం ఉండేది. దానికి తన పాత చీర గుడ్డ చుట్టింది. దూడ తాడు ఒరుసుకోకుండా అనుకున్నాను. చూశారా, అన్నిటికీ నా దగ్గర జవాబు ఉండేది.

జీపు తూర్పుకు నిలబడితే గోడ డ్రైవరు వైపు వస్తుంది. పొద్దున్నే ఆ బండ మీద కాలు పెట్టి హాయిగా ఎక్కేవాణ్ణి. 'బండ బాగా పెట్టించినావక్కా' అని మెచ్చుకున్నాను కూడా. ఆమె అవతలి పక్కన ఖాళీ ఎడమ సీటు వైపు చూసి లోపలికి పోయింది.

ఒక సాయంత్రం నేను మెడ తిప్పి వెనక్కి నడుపుతుంటే అరుగు మీద కూర్చుని అంది: 'దినామూ వెనక్కి వెనక్కి యాల తిప్పలు? నేరుగా తెచ్చి పడమరకు నిలిపితే ఏమైతాది?'

నాయన నాటి పద్ధతి, తూర్పే అన్నాను. ఇంకోసారి కూడా అడిగింది. రెండోసారి విసుక్కున్నాను. బండి సంగతి నీకేం తెలుసు, నువ్వు ఎక్కేది లేదు కదా అన్నాను. ఆ తర్వాత అడగలేదు.

ఆ ఏడు వానలు పడ్డాక ఆమెకు జ్వరం తగులుకుంది, కామెర్లుగా తిరిగింది. కళ్లు పచ్చబడ్డాయి. చిక్కబళ్లాపురం ఆస్పత్రికి పోదామని జీపును వాకిలి ముందుకు తెచ్చాను. ఎత్తుకుంటానని చేతులు చాచాను. అంత నీరసంలోనూ ఆమె నా మొహం వైపు చూసింది. 'వద్దు. ఆటో పిల్చుకో' అంది. ఆటోలో ఆమె, వెనక జీపులో నేను.

ఆస్పత్రిలో నాలుగో రోజు కాస్త తేరుకుంది. రెండు ముద్దలు అన్నం తింది. ఇంటికి ఎట్లా పోదామని నేనే అడిగాను.

'జీపులోనే పోదాము' అంది.

నాకు ప్రాణం లేచివచ్చింది. ఎట్లా ఎక్కుతావు అన్నాను.

'ఈడ ముందర మెట్లుండాయి కదా, ఆడ నిలుపు, ఎక్కుతా. దిగేదానికి ఇంట్లో చూసుకున్నాను లే. నువ్వు పడమరకు మాత్రం నిలుపు.'

జ్వరం ఇంకా దిగలేదు, ఏదో మాట్లాడుతోంది అనుకున్నాను. సరే అన్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె పోయింది. ఇంటికి జీపులో రాలేదు.

కర్మలన్నీ అయ్యాక బాగేపల్లి దగ్గర రాళ్లు చెక్కే ఆయన పలకరించడానికి వచ్చాడు. పెద్దాయన. అరుగు మీద కూర్చుని, జీపును, గోడ కింది బండను మార్చి మార్చి చూశాడు. 'బండ ఆయమ్మకు పనికొచ్చినాదా అప్పా?' అని అడిగాడు. పాలక్యాన్లకా అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు. అక్క బస్సులో ఆయన దగ్గరికి పోయి, రెండు ముళ్లు వేసిన పూలదారం చేతిలో పెట్టిందట. మొత్తం దారం నేల నుంచి జీపు లోపలి వరకు ఉన్న ఎత్తు. ముడి నుంచి ముడి వరకు ఆమె కాలు ఎత్తగలిగిన ఎత్తు.

'ఇంత నాకు చేతనైతాది, మిగిలింది రాయి చెయ్యప్పా అన్నాది' అన్నాడాయన. 'గోడ కాడ పెట్టించినాది. గోడలో కడియం పట్టుకుంటే పడను అన్నాది. మరి బండి ఇట్ల నిలిపినావేమి? ఆయమ్మ కూచునే పక్క అటుండాది కదా.'

నేను ఏడ్చాను. ఆస్పత్రిలో ఏడవనివాణ్ణి, శ్మశానంలో ఏడవనివాణ్ణి, ఆ పెద్దాయన ముందు అరుగు మీద కూర్చుని నోరు తెరిచి ఏడ్చాను. రెండేళ్లు ఆమె మెట్టు మీద నేను కాలు పెట్టి ఎక్కాను. రెండేళ్లు ఆమె అరుగు మీద కూర్చుని, తన మెట్టు మీద నేను ఎక్కడం చూసింది. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అని ఆమె మీద కోపం కూడా వచ్చింది. రెండుసార్లు చెప్పింది కదా, నేనే విసుక్కున్నాను కదా అని వెంటనే గుర్తొచ్చింది.

ఆయన పోయాక జీపును బయటికి తీసి, గేటులోంచి నేరుగా లోపలికి తెచ్చి, పడమరకు నిలిపాను. మెడ తిప్పాల్సిన పనే లేకపోయింది. దిగి గోడ వైపుకు వచ్చి, చీర గుడ్డ చుట్టిన కడియం పట్టుకుని, బండ మీద నిలబడి ఆమె సీటు వైపు కాలు ఎత్తాను. పాత రోజుల్లో ఎంత ఎత్తు ఉండేదో సరిగ్గా అంతే ఉంది. ఒక వేలు ఎక్కువ లేదు, ఒక వేలు తక్కువ లేదు. కూర్చున్నాను.

పాత స్ప్రింగు పట్టీలు ఇంకా మంచం కిందే ఉన్నాయి. బండల మీదికి పోవడం ఎప్పుడో మానేశాను, ఇంకా ఎందుకు ఆ ఎత్తు, దించేయరాదా అని అడుగుతారు. దించితే అక్క కొలత తప్పిపోతుంది. అందుకే జీపు ఆ ఎత్తులోనే ఉంది, పడమరకే నిలుస్తుంది. నాయన నాటి పద్ధతి ఏమైందని ఊళ్లో ఎవరైనా అడిగితే, మా అక్క ఎక్కాలి కదా అంటాను.