ఫిల్ము డబ్బా కోసం కొట్లాట

ఒక ఫిల్ము డబ్బా కోసం ఇబ్రహీంపట్నంలో పట్టపగలు ముగ్గురు మగవాళ్ళను కొట్టి కింద పడేసిన మొనగాణ్ని నేను. అందులో ఒకడు నాకు రెండింతలున్నాడు. నమ్మకపోతే నా చూపుడువేలు చూడండి, పంటిగాటు మచ్చ ఇంకా పోలేదు.

ఫిల్ము అంటే సినిమా అనుకునేరు. కాదు. బోరు మోటార్ల స్టార్టర్లు బాగుచేసి బతికినవాణ్ని, ఇప్పుడు దుకాణం మూసి ఇంట్లో ఉంటున్నాను. సర్క్యూట్ బోర్డులు నా చేత్తో నేనే చేసుకోవడం పాత పిచ్చి. రాగి పూత ఉన్న పలకకు వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూస్తాను. గీతల బొమ్మ దించిన ఫిల్మును దానిమీద పరిచి ఎండ చూపిస్తాను. కడిగి, రాగిని తినే గోధుమరంగు నీళ్ళలో వేస్తే అక్కరలేని రాగి కరిగిపోయి వెంట్రుకల్లాంటి దారులు మిగులుతాయి. ఆ ఫిల్ము ఒకప్పుడు పెళ్ళికార్డులు అచ్చువేసే ప్రతి ప్రెస్సులో ఉండేది. నల్ల కాగితంలో చుట్టి వస్తుంది. ఎర్ర బల్బు వెలుతురులో తప్ప విప్పకూడదు, మామూలు వెలుతురు తగిలిందా చెడిపోతుంది. కంప్యూటర్లు వచ్చాక దాన్ని అడిగేవాడూ లేడు, అమ్మేవాడూ లేడు.

మొన్నటి చలికాలం దాంతో నాకు అవసరం పడింది. మా చెల్లెలు ఇంట్లో గుడ్లు పొదిగే పెట్టె నడుపుతుంది. థర్మాకోల్ పెట్టె, లోపల బల్బులు, వేడి ఎక్కువైతే వాటిని ఆర్పి తక్కువైతే వెలిగించే బోర్డు, అన్నీ నేను చేసిచ్చినవే. ఒకనాడు కరెంటు ఒక్కసారిగా ఎక్కువొచ్చి ఆ బోర్డు మాడిపోయింది. పెట్టె నిండా నాటుకోడి గుడ్లు. ఆమెవి కావు, వాడకట్టు ఆడవాళ్ళు నమ్మి పెట్టినవి. అవి మురిగితే ఆమె వాడకట్టులో మొహమెత్తి తిరగలేదు. థర్మామీటరు పట్టుకొని, స్విచ్చు వేస్తూ తీస్తూ పెట్టె పక్కనే కూలబడింది.

"అన్నా, బజార్ల బోర్డు దొరుకుతదంట గదా. కొనుక్కరారాదు?" అంది.

"నా పెట్టెకు బజారు బోర్డా? నా పానం పోయినంక పెట్టుకో."

"నీ పానం సంగతి తర్వాత. ముందుగాల గుడ్ల పానం జూడు."

శేరిగూడ కాలేజీల ముందున్న జిరాక్సు షాపులన్నీ తిరిగాను. గాజులాంటి ప్లాస్టిక్ కాగితం మీద ప్రింటు తీసి ఇచ్చారు గాని ఆ నలుపులోంచి ఎండ దిగింది, బోర్డు మీద ఒక్క దారీ తేలలేదు. తుక్కుగూడలో ఫ్లెక్సీలు వేసేవాడు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "తాతా, గది మా నాయన జమాన్ల ముచ్చట," అన్నాడు. మళ్ళీ వాడే దారి చూపించాడు. కోహెడ దిక్కు ఒక పాత ప్రెస్సు మూసేశారట, సామానంతా మా ఊరి పాతసామాను దుకాణానికే చేరిందట.

పరుగున పోయాను. ఆ దుకాణం ఒక పెద్దామెది. తరాజు ఆమెదే, తీర్పూ ఆమెదే. అట్టల కుప్ప మీద డబ్బా కనబడింది, సీలు కూడా విప్పనిది. నేను చెయ్యి వేశాను. అదే క్షణంలో అవతలి నుంచి ఇంకో చెయ్యి పడింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ముగ్గురు లేరు. ఒక్కడే. రెండింతలు కూడా కాదు, నా ఈడువాడే, బక్కమనిషి. కోస్తా నుంచి వచ్చి పట్నం శివారులో స్థిరపడి స్క్రీన్ ప్రింటింగు చేసుకుంటున్నవాడు. అతని పనికీ ఆ ఫిల్మే కావాలి.

"ముందు నేను చూశానండీ," అన్నాడు.

"సూసినోనికల్ల ఇస్తరా? ఇడువు."

"మర్యాదగా మాట్లాడండి. పళ్ళు రాలతాయి."

ఆ 'అండి' నోట్లో ఉండగానే చెంప పగలగొట్టాడు. అంత గౌరవంగా దెబ్బ తినడం నాకు అదే మొదలు. కళ్ళజోడు ఎగిరిపోయింది. కాలరు పట్టి పాత కూలర్ల మీదికి తోశాను. రేకు కోసుకొని అతని మోచెయ్యి చీరుకుపోయింది. అతను తలతో నా మూతి మీద పొడిచాడు, నోరంతా ఉప్పగా నెత్తురు. చేతికి సైకిలు చైను దొరికితే దాంతో భుజం మీద వేశాను. అతను అరిచి, డబ్బా మీదున్న నా వేలిని కసుక్కున కొరికాడు. ఇద్దరం పగిలిన సీసాల మధ్య పడ్డాం. నా చెయ్యి అతని గొంతు మీద, అతని చెయ్యి నా గొంతు మీద. అతని కళ్ళు ఎర్రబడి ఉబ్బుతున్నాయి. నేను నొక్కుతూనే ఉన్నాను. గుడ్ల కోసం అని చెప్పుకోవాలని ఉంది, కాని ఆ నిమిషాన గుడ్లూ గుర్తులేవు, చెల్లెలూ గుర్తులేదు. వాడు చచ్చినా సరే, డబ్బా నాది.

పెద్దామె ఇనప కడ్డీతో ఇద్దరి వీపులూ ఒక వరసన వాయించింది.

"కాటికి కాళ్ళు సాపుకొని గీ కొట్లాటలేంది? నా దుకాణంల పీనుగ ఎల్లాల్నా? ఇటియ్యి! చెరి సగం జోకి ఇస్త, లొల్లి బంద్."

పాతసామాను దుకాణంలో ఒక రివాజు ఉంది. పై అట్ట ఒక కుప్పకు, లోపలి కాగితం ఇంకో కుప్పకు వేరుచేశాకే సరుకు తరాజెక్కుతుంది. డబ్బా లాక్కున్న ఆమె చేతులు అలవాటుగా దాన్ని చించాయి. అట్ట అట్టల్లో పడింది. తర్వాత నల్ల కాగితం పట్టుకుంది.

"వద్దు!" ఇద్దరం ఒకేసారి అరిచాం, గొంతులు వదలకుండానే.

"ఏంది వద్దు? నేను తక్వ జోకుతనా?"

పర్రున చింపింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఫిల్ము రేకులన్నీ చెరి సగం తరాజులో పరిచింది. లేత గులాబీ రంగు మా కళ్ళముందే మాసి ఊదారంగుకు తిరిగింది.

"సూడుండ్రి, ఒక్క మరక లేదు. కొత్తగనే ఉన్నయ్."

అతని చెయ్యి నా గొంతు మీద నుంచి దానంతట అదే జారిపోయింది. కాసేపు దగ్గి, "ఇంక పొయ్యి అంటించుకోవడానికేనండి," అన్నాడు. జేబురుమాలు తీసి నా వేలికి కట్టాడు. "నేను కొరికిందే కదా."

ఇంటికొచ్చి చీపురుపుల్లను గోళ్ళరంగులో ముంచి, రాగి మీద దారులు చేత్తోనే గీసి, ఆ గోధుమరంగు నీళ్ళలో వేశాను. రంగు కింది రాగి కరగలేదు. మొదటే అలా చేసి ఉండొచ్చు. వంకరగా వస్తే నామోషీ అని చెయ్యలేదు. మర్నాడు బోర్డు పట్టుకొని చెల్లెలింటికి పోయాను. ఆమె నా వాచిన మూతి చూసింది. "మూత తియ్యకు, వేడి పోతది," అంది. బోర్డు బయటివైపే ఉంటుంది కనుక బిగించి వచ్చేశాను. కొన్నాళ్ళకు వెళితే పెట్టెలో పిల్లలు కిచకిచమంటున్నాయి. నా బోర్డు గుడ్లను కాపాడిందని ఊరంతా చెప్పుకున్నాను.

ఇంతదాకా రాసి చెల్లెలికి చదివి వినిపించాను. ముగ్గురిని ఒక్కణ్ని చేసి నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటుందనుకున్నాను.

"గా గుడ్లు నీ బోర్డుతోని పొదగలే," అంది. "నువ్వు కొట్లాడనీకి పోయిన పొద్దే ఎవల గుడ్లు వాళ్ళు తీస్కపోయి కోళ్ళ కింద పెట్టుకున్నరు. నువ్వు బోర్డు బిగించిననాడు పెట్టె ఖాళీ. పిల్లలు పుట్టినంక చలి పెడ్తదని తెచ్చి బల్బుకాడ ఏసిన."

"మరి అప్పుడే ఎందుకు జెప్పలే?"

"జెప్తె పోయి ఆ కోళ్ళను గూడ కొడ్తవని."