విడదీయని సమాసం

నిఘంటు కార్యాలయంలో అందరూ చెప్పుకునేది ఒకటే. సమాసాలు విడదీసే ఆవిడకి మతి చలించిందట. ఓడెక్కిన మొగుడు ఇంకా వస్తాడని గుమ్మం వంకే చూస్తూ, ఒక్క మాట దగ్గర మొండికేసి బంగారంలాంటి పని పోగొట్టుకుందట.

ఆ రోజు ఆవిడ ఎదుట కూర్చున్నది టైపు చేసే అమ్మాయి. అక్కడి పద్ధతి ప్రకారం సమాసాన్ని విడదీసి పైకి చెప్పాలి, ఎదుటి మనిషి విని సరేనంటేనే అది అచ్చుకు పోతుంది. చూపులేని అత్తగారిని వదిలి కదల్లేక ఆవిడ ఇంట్లోనే పని చేసేది. అమ్మాయే అక్కడికి వెళ్ళేది. పక్కగదిలో మంచం మీద పడుకుని అత్తగారు కూడా ప్రతి మాటా చెవులు రిక్కించి వినేది.

ఆ పూట 'భర్తృక' అని ముగిసే మాటలు వచ్చాయి.

"ప్రోషితభర్తృక," అంది ఆవిడ. "పరదేశం వెళ్ళిన భర్త ఎవరికి ఉన్నాడో ఆమె. చూశావా, ఒక ముక్కలో ప్రయాణం, ఒక ముక్కలో మొగుడు. ఆడమనిషి ఏ ముక్కలోనూ లేదు. రెండూ కలిస్తేనే ఆమె."

"అది మనింటి మాటేనే!" లోపల్నుంచి నవ్వింది అత్తగారు. "వాడు రానీ, చెవి మెలిపెట్టి మరీ నేర్పిస్తా."

తర్వాతి మాట 'మృతభర్తృక'. ఆవిడ పక్కగది వైపు చూసి కలం కింద పెట్టింది.

"మెల్లగా చెప్పండక్కా," అంది అమ్మాయి.

"ఏమిటే ఆ గుసగుసలు? నాకు తెలియకుండా మాట దాటేస్తున్నారా?"

ఆవిడ కాగితం బోర్లించింది. "ఇది నా వల్ల కాదని మీ సారుకి చెప్పు."

"పని తీసేస్తారక్కా! విన్నానని నేను రాసేస్తాలే."

"పట్టుబడితే నీ పొట్ట కూడా కొట్టినదాన్నవుతాను. వద్దు తల్లీ."

వీధి తలుపు దాకా సాగనంపి, అక్కడ అమ్మాయి చెవిలో ఒక్క సంగతి చెప్పింది. ఎక్కడ పొక్కినా అది ఆ మంచం దాకా చేరుతుందని అమ్మాయి ఎవరి దగ్గరా నోరు విప్పలేదు. సారు పెదవి విరిచి ఆ పనిని ఇంకొకరికి అప్పగించాడు.

ఆ పూటకి ఎంతో ముందే, అతనెక్కిన ఓడ మునిగిన వారానికి, రేవు ఆసుపత్రిలో భర్త శవాన్ని గుర్తుపట్టింది ఆవిడే. అత్తగారికి ఆ సంగతి ఈరోజుకీ తెలియదు.